పెట్టెలో యాభై డిగ్రీలు

ఆనేకల్,
20-3-1945

తమ్ముడు ఓబళప్పకు,

అక్క పిల్లమ్మ రాస్తున్నాను. అమ్మ పోయినప్పుడు నీకొక కార్డు వేశాను. దానికి జవాబు లేదు. నాలుగేళ్ళయింది. ఇప్పుడు పని పడి రాస్తున్నాను కాబట్టి అభిమానాలు పక్కన పెట్టి చదువు.

మన ఇంటి పట్టుపురుగుల విత్తనం సంగతి ఇది. పదిహేడో తేదీన గూళ్ళలోంచి వచ్చిన పట్టుచిలకలు గుడ్లు పెట్టాయి. మూడు కాగితాల నిండా ఉన్నాయి, లేత పసుపు రంగులో. పదో రోజుకు పిల్లలు లేస్తాయి, లేచిన పూటే లేత ఆకు పడాలి. ఆకు లేదు. బావిలో బురద తేలింది. తోటలో మల్బరీ ఎండుకట్టెల్లా నిలబడి ఉంది. ఈ యేడు ఒక్క చినుకు పడలేదు.

ఊళ్ళో అందరూ ఇప్పుడు సర్కారు గుడ్లు తెచ్చుకుంటున్నారు. మన లేత పచ్చ పట్టుగూడు మన ఇంట్లో తప్ప ఎక్కడా మిగల్లేదు. అమ్మ పెళ్ళికూతురిగా వస్తూ గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని తెచ్చిన విత్తనం ఇది. నలభై రెండేళ్ళుగా ఒక పంట వెనక ఒక పంట, మధ్యలో తెగలేదు. ఒక్కసారి తెగితే మళ్ళీ తెచ్చుకోవడానికి చోటు లేదు. అది నా చేతిలో తెగుతుందేమోనని అన్నం సహించడం లేదు. మీ బావ మిలిటరీ లారీ తోలడానికి పోయి ఏడాదయింది. ఇంట్లో నేనూ, ఈ మూడు కాగితాలూ.

బస్సు తోలే అంజినప్ప మొన్న ఒక మాట చెప్పాడు. "మీ తమ్ముడు ఐసు చేసే కార్ఖానాలో ఉండాడమ్మా. ఆడ లోపలికి పోతే ఎండాకాలంలో కూడా పండ్లు టకటక కొట్టుకుంటాయి" అన్నాడు. చలి తగిలితే గుడ్లు లేవకుండా నిద్రపోతాయని అమ్మ అనేది. వాటిని ఇంకొన్నాళ్ళు, ఎక్కడో ఒకచోట చిగురు పుట్టేదాకా, నిద్రపుచ్చగలవా?

ఇష్టం లేకపోతే లేదని ఒక ముక్క రాయి. చాలు.

పిల్లమ్మ


బెంగుళూరు,
22-3-1945

అక్కకు,

ఉత్తరం అందింది. నేను క్షేమం. పని సంగతి రాస్తాను.

తెలిసినవాళ్ళను అడిగాను. గుడ్లు చావకూడదు, లేవకూడదు అంటే ఫారన్‌హీటు లెక్కన యాభై డిగ్రీల దగ్గర ఉంచాలట. అంతకంటే బాగా దిగితే చస్తాయి, బాగా ఎక్కితే లేస్తాయి. అందుకని గుడ్లు ఐసు మీద పెట్టకూడదు. ఐసు అడుగున, గుడ్లు పై అరలో.

ఎంత ఐసు కావాలన్నది లెక్క. మా ఇంజను మేస్త్రి మునిస్వామి ఈ లెక్క నాకు నేర్పాడు. ఒక పౌను నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించే వేడిని ఒక పాలు అనుకో. మా తొట్టిలోంచి తీసిన ఐసు ఇరవై డిగ్రీల మీద ఉంటుంది. ముప్పై రెండుకు వస్తేగాని కరగదు. ఐసుకు డిగ్రీకి అర పాలే, కాబట్టి ఆ పన్నెండు డిగ్రీలకు ఆరు పాళ్ళు. ముప్పై రెండు దగ్గర నిలబడి కరగడానికి నూట నలభై నాలుగు. కరిగిన నీళ్ళు యాభైకి రావడానికి పద్దెనిమిది. మొదటి ఆరూ బస్సులోనే పోతాయి. నీ ఇల్లు చేరేసరికి పౌనుకు నూట అరవై రెండు పాళ్ళు మిగులుతాయి.

ఇక పెట్టె. రెండు పలకల మధ్య వరి ఊక దట్టించి నేనే చేశాను. పది పౌన్ల ఐసు వేసి, పైన కంబళి కప్పి చూస్తే పన్నెండు గంటలకు కరిగింది. అంటే గంటకు నూట ఇరవై పాళ్ళ వేడి లోపలికి దూరుతోంది. రోజుకు రెండు వేల ఎనిమిది వందల ఎనభై. దాన్ని నూట అరవై రెండుతో భాగిస్తే పద్దెనిమిది పౌన్లు. ముప్పై పంపుతాను. బొగ్గు మంటతో నెమ్మదిగా నడిచే బస్సు కదా, దారిలో ఎనిమిది పోయినా ఇరవై రెండు చేరుతుంది.

మూల విరిగిన దిమ్మలు ఆసుపత్రులవాళ్ళు తీసుకోరు, అవి కాలువ పాలే. రోజూ ఒకటి తీసుకోమని మేనేజరు ఒప్పుకున్నాడు. కలాసిపాళ్యం బస్టాండులో అంజినప్పకు అందిస్తాను. శనివారం పెట్టె, థర్మామీటరు, కంబళి వస్తాయి. పెట్టె లోపలి డిగ్రీలు రోజూ చూసి రాయి.

అమ్మ అన్న మాట నాకు గుర్తుంది. గుడ్లను నేను ముట్టను. చల్లదనం మాత్రం పంపుతాను.

ఓబళప్ప


ఆనేకల్,
26-3-1945

తమ్ముడికి,

పెట్టె చేరింది. వీధి వీధంతా మా గడపలో ఉంది. పక్కింటి నంజమ్మ ఐసు మీద చెయ్యి పెట్టి "అయ్యో, కాలతా ఉండాదే!" అని వెనక్కి లాక్కుంది. అంత చల్లనిది కాలినట్టు ఎందుకుంటుందో మీ మేస్త్రిని అడుగు.

కానీ నీ లెక్క తప్పిందప్పా. మర్నాడు కొత్తది వచ్చేదాకా ఉంటుందన్న ఐసు కోడి కూయకముందే అయిపోయింది. థర్మామీటరు డెబ్బై చూపిస్తోంది. నేనేమీ తక్కువ చెయ్యలేదు. నువ్వు పంపిన కంబళి చూడగానే తీసేశాను. ఈ ఎండల్లో కంబళి కప్పితే రాయికైనా చెమట పోస్తుంది, ఐసు ఏపాటిది? మడిచి అటక మీద పెట్టాను. పాపం ఉక్కగా ఉంటుందని మూత కూడా కాస్త ఓరగా తెరిచి, విసనకర్రతో విసిరాను కూడా.

గుడ్ల మీద నల్లచుక్క వచ్చింది. అది పిల్ల తల. ఆ తర్వాత గుడ్డు నీలంగా తిరుగుతుంది, నీలం తిరిగిన మర్నాడు లేస్తుంది. నాకు భయంగా ఉంది. ఏం చెయ్యమంటావో వెంటనే రాయి.

అక్క


బెంగుళూరు,
27-3-1945

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. ఎన్నాళ్ళకో నవ్వాను. ఐసుకు విసనకర్రతో విసిరావా? మునిస్వామికి చెబితే ఆయన ఇంజను ఆపేటంత పని చేశాడు.

అంజినప్ప చేతికిస్తున్నాను, ఈ పూటే అందుతుంది. చదవగానే అటక మీదినుంచి కంబళి దించి పెట్టెకు నాలుగు వైపులా చుట్టు. కంబళికి సొంతంగా వేడి లేదక్కా. మనిషికి కప్పితే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఐసుకు కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. లోపల ఎవరున్నారని అది చూడదు. మూత రోజుకు ఒక్కసారే తెరువు. విసిరితే బయటి గాలిని పిలిచి లోపల కూర్చోబెట్టినట్టే. విసరవద్దు.

నువ్వు ఒకసారి మా ఫ్యాక్టరీకి రావాలి. పెద్ద హాలు, నేలంతా చెక్కపలకలు, పలకల కింద ఉప్పునీళ్ళ తొట్టి. అందులో వరసగా డబ్బాలు, డబ్బాల్లో మంచినీళ్ళు. పలక ఎత్తితే తెల్లటి పొగమంచు లేచి మోకాళ్ళ దాకా నిలుస్తుంది. అందులో నడుస్తుంటే నా పాదాలు నాకే కనబడవు. నీళ్ళు డబ్బా గోడల వైపు నుంచి గడ్డకట్టుకుంటూ నడిమికి వస్తాయి. నడిమి నీళ్ళే అన్నిటికంటే చివర. మిగతా దిమ్మంతా అద్దంలా ఉంటుంది, ఆ నడుమ మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా మిగులుతుంది. దాన్ని చూస్తూ నిలబడితే గంటలు తెలియవు.

అన్నిటికంటే నన్ను పట్టి ఉంచేది ఆ నూట నలభై నాలుగు. ఐసు కరుగుతున్నంతసేపూ వేడి లోపలికి పోతూనే ఉంటుంది, థర్మామీటరు మాత్రం ముప్పై రెండు దగ్గర కదలదు. అంత వేడీ ఎక్కడికి పోయింది? పైకి ఏమీ కనబడదు. మునిస్వామి అంటాడు, "యాడికీ పోలేదప్పా, గట్టిదాన్ని మెత్తగా చెయ్యడానికే అయిపాయ." నాకు ఆ జవాబు సరిపోయినట్టే ఉంటుంది, మళ్ళీ చాలనట్టూ ఉంటుంది.

ఈ లెక్క నాకు ఆరేళ్ళ కిందట తెలిసి ఉంటే బాగుండేది. పురుగుల గదికి రెండు కుంపట్లు చాలన్నది అమ్మ. నేను ఐదు పెట్టాను. వెచ్చగా ఉంటే పురుగులు తొందరగా ఎదుగుతాయి, అమ్మ సంతోషిస్తుంది అనుకున్నాను. తలుపులన్నీ మూసి నాటకం రిహార్సలు చూడడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి తట్టల్లో పురుగులు నల్లబడి వేలాడుతున్నాయి. ఒక్క తట్ట బతికింది. "నీ చెయ్యి పురుగుకు పనికిరాదు, ముట్టవాకు" అన్నది అమ్మ. కొట్టి ఉంటే ఇంట్లోనే ఉండేవాణ్ణి. ఆ మాటతో వచ్చేశాను.

ఇది ఎవరికీ రాయలేదు. నీకు కూడా రాయాలనుకోలేదు.

ఓబళ


ఆనేకల్,
1-4-1945

ఓబళా,

కంబళి చుట్టాను. ఐసుగడ్డకు కంబళి కప్పిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అని నంజమ్మ రోజూ ఎగతాళి చేస్తోంది. ఇదిగో నీ లెక్కలు: 28న యాభై నాలుగు, 29న యాభై ఒకటి, 30న యాభై, 31న యాభై. పొద్దున పదిగంటలకు కొత్త దిమ్మ వచ్చేసరికి పాతది నాలుగు పౌన్ల ముక్క మిగులుతోంది. దాన్ని తీసేసి కొత్తది పెడుతున్నాను. గుడ్లు నల్లచుక్క దగ్గరే ఆగిపోయాయి. ఇరవై ఏడుకే లేవవలసినవి ఇంకా నిద్రలో ఉన్నాయి.

మధ్యాహ్నాలు పెట్టె పక్కన నేల మీద పడుకుంటున్నాను. లోపల ఎక్కడో చుక్క పడ్డ చప్పుడు. చాలాసేపటికి ఇంకొకటి. బయట ఎండకు పెంకులు పటపటమంటాయి. వింటూ వింటూ నాకూ నిద్ర పడుతుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ పక్కలో పడుకున్నట్టు ఉంటుంది.

కొండ కింద పెద్దమునియప్ప తోటలో బావి ఇంకా ఊరుతోంది. ఆయన మల్బరీ నరికి నీళ్ళు పెట్టాడు. పోయి చూసి వచ్చాను. మోడుల మీద చిగురు కన్ను ఉబ్బింది, ఇంకా విప్పుకోలేదు. "చిగురొస్తే నీకు కాకుండా ఎవరికిస్తాను, కదిరమ్మ బిడ్డవు" అని అమ్మ పేరెత్తి అన్నాడు. చిగురు రావడానికి వారమో, రెండు వారాలో. అంతదాకా ఐసు ఆపవద్దు.

ఒక సంగతి. ఆ కంబళి మూలన ఎర్రదారంతో కుట్టు ఉంది. అది అమ్మ చేతి కుట్టు. నువ్వు ఇల్లు విడిచిన రోజు దండెం మీది కంబళి కనబడలేదు. ఇన్నాళ్ళూ దాన్నే కప్పుకున్నావా? మరి ఇప్పుడేం కప్పుకుంటున్నావు?

కుంపట్ల సంగతి నువ్వు రాశావు. దాని తర్వాతి సంగతి నేనొకటి రాయాలి. ఇప్పుడు కాదు.

అక్క


బెంగుళూరు,
3-4-1945

అక్కా,

ఎండాకాలం కదా, ఏమీ కప్పుకోనక్కరలేదు. దాని గురించి దిగులు వద్దు.

యాభై, యాభై అని నువ్వు రాసిన అంకెలు ఎన్నిసార్లు చదివానో! ఇంజనుగది గోడ మీద సుద్దతో రాసుకున్నాను. నిన్న మధ్యాహ్నం అన్నం తిని ఉప్పునీళ్ళ తొట్టి పలకల మీద కునికాను. కలలో నేను మన ఇంట్లో ఉన్నాను, ఇల్లంతా మోకాళ్ళ లోతు పొగమంచు. తట్టలు పొగలో తేలుతున్నాయి. అమ్మ ఒక్కొక్క తట్ట మీదికి వంగి, పసిపిల్లలకు చెప్పినట్టు "ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు" అంటోంది. నేను గడప బయట నిలబడి ఉన్నాను. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. లేచేసరికి చెంప మీద పలక గీతలు పడి ఉన్నాయి.

మూడు కాగితాల మీద వేల ప్రాణాలు, ఒక్కటీ కదలకుండా, మనం చెప్పేదాకా ఆగి ఉన్నాయి. ఈ విత్తనం నిలిస్తే నాకు అంతే చాలు. ఇంకేమీ అడగను.

తర్వాతి సంగతి ఏమిటో రాయి. అమ్మ ఏమన్నా అన్నదా?

ఓబళ


ఆనేకల్,
8-4-1945

ఓబళా,

ఈ వారం లెక్క: 2న యాభై, 3న యాభై, 4న యాభై, 5న యాభై ఒకటి, 6న యాభై, 7న యాభై. నేను కులాసా. ఐసు రోజూ పంపు. పని ఎక్కువగా ఉంది, పొడుగ్గా రాయలేను.

అక్క


బెంగుళూరు,
11-4-1945

అక్కా,

అంజినప్ప ఇవాళ ఒక మాట చెప్పాడు. నాలుగో తేదీన చందాపుర దగ్గర బస్సు ఆగిపోయిందట, మర్నాడు మధ్యాహ్నానికి గాని కదలలేదట. "నీ ఐసు గోతంలో నీళ్ళు కూడా మిగల్లేదప్పా" అన్నాడు. నువ్వేమీ రాయలేదు. గుడ్లకు ఏమీ కాలేదు కదా?

ఓబళ


ఆనేకల్,
14-4-1945

ఓబళా,

ఏమీ కాలేదు. ఆ రోజు మూత తెరవలేదు, అందుకని నిలిచింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ఐసు పంపడం ఆపవద్దు. ఇంకో పదిహేను రోజులు కావలసి ఉంటుంది. నాలుగు మాటలు రాసి పంపుతూ ఉండు, పొగమంచు గురించైనా సరే.

అక్క


బెంగుళూరు,
16-4-1945

అక్కా,

సరే. నువ్వు ఎన్నాళ్ళు పంపమంటే అన్నాళ్ళు పంపుతాను.

నిన్న మొదటిసారి మబ్బు పట్టింది. లాల్‌బాగ్ వైపు నుంచి తడిమట్టి వాసన వచ్చింది గాని ఇక్కడ పడలేదు. నీకు ఎలా ఉంది? అన్నం తింటున్నావా? ఏ సంగతైనా రాయాలని లేకపోతే రాయనక్కరలేదు. నేను అడగను. ఐసు మాత్రం రోజూ వస్తుంది.

ఓబళ


ఆనేకల్,
27-4-1945

ఓబళా,

నువ్వు రోజూ రాస్తున్న చీటీలు అందుతున్నాయి. అన్నీ దాచాను. మొన్న మునిస్వామి మీసాల మీద మంచు గడ్డకట్టిన సంగతి నంజమ్మకు చదివి వినిపిస్తే పడీ పడీ నవ్వింది. ఇక్కడ రెండు వానలు పడ్డాయి. ఐసు ఇంకొన్నాళ్ళు కావాలి. పెట్టె యాభైలోనే ఉంది.

అక్క


ఆనేకల్,
13-5-1945

ఓబళా,

ఈ ఉత్తరంతో పాటు అంజినప్ప ఒక చిన్న వెదురుబుట్ట ఇస్తాడు. ముందు అది తెరువు. తెరిచి చూసి, తర్వాత ఇది చదువు.

చూశావా? అది మన గూడు. అదే లేత పచ్చ. విత్తనం తెగలేదు.

ఇప్పుడు నువ్వు కోప్పడినా ఫరవాలేదు. నెల పైన నీతో అబద్ధమాడాను. నాలుగో తేదీన ఐసు రాలేదు. ఎదురుచూసి ఎదురుచూసి సాయంత్రం మూత తెరిచాను. నీళ్ళే ఉన్నాయి, డెబ్బై ఆరు. మర్నాడు పొద్దున చూస్తే గుడ్లు నీలం తిరిగాయి. ఇక వాటిని ఏ చలీ ఆపలేదు. అప్పుడు నాకు ఏమీ తోచక, అమ్మ చేసిన పనే చేశాను. మూడు కాగితాలూ గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకుని, రెండు మైళ్ళు నడిచి పెద్దమునియప్ప తోటకు పోయాను. మోడులన్నిటి మీదా చిటికెన గోరంత చిగురు! రెండు రోజుల కిందటే విప్పుకుందట. వాళ్ళ పంపు కొట్టంలో తట్టలు పరిచాను. ఆరో తేదీ పొద్దున పిల్లలు లేచాయి. ఒక్కొక్క చిగురు సన్నగా తరిగి వేశాను. నాలుగు జ్వరాలూ దాటాయి. మన దగ్గర పురుగు చర్మం విడవడానికి మేత మాని కూర్చుంటే జ్వరమంటాం కదా, ఒక్కొక్క జ్వరానికీ నేనూ మేత మాని కూర్చున్నాను. పోయిన వారం చంద్రికల మీదికి, ఆ వెదురు చాపల చుట్లలోకి, ఎక్కి గూళ్ళు కట్టాయి.

మామూలుగా అయితే మార్చి ఇరవై ఏడున లేవాలి. ఆ రోజు ఆనేకల్ చుట్టుపట్ల ఒక్క చిగురు లేదు. ఏప్రిల్ ఆరున లేచాయి. ఆ పది రోజులూ నీవి, ఓబళా. నీ లెక్కవి. అవి లేకుంటే ఈ గూడు లేదు.

మరి అప్పుడే ఎందుకు రాయలేదంటావా? రాస్తే నువ్వు ఐసు ఆపుతావు. ఐసు ఆగితే ఉత్తరాలు ఆగుతాయి. ఆరేళ్ళు ఒక్క మాట లేకుండా ఉన్నావు. మొదటి ఉత్తరంలో నన్ను "అక్కకు" అని పిలిచి అంకెలు రాశావు. రెండోదాంట్లో నవ్వావు. మూడోదాంట్లో అమ్మ కలలోకి వచ్చింది. నాకు అది కావాలనిపించింది. అందుకని రోజూ నీ ఐసు దించుకుని, ఖాళీ పెట్టెలో పెట్టి, కంబళి చుట్టి, డిగ్రీలు చూసి రాశాను. నాలుగు, ఐదు తేదీలు తప్ప మిగతా అంకెలన్నీ నిజమే. ఖాళీ పెట్టెలో యాభై. మిగిలిన ముక్కలు వీధిలో ఎవరికి తలనొప్పి వచ్చినా, జ్వరమొచ్చినా పంచాను. నీ పేరు చెప్పి పంచాను.

నేను రాస్తానన్న తర్వాతి సంగతి ఇది. అమ్మ పోయే ముందు మూడు రోజులు నీ గురించే అడిగింది. "ఓబళ యాడుండాడే? కప్పుకోను ఏమన్నా ఉండాదా వానికి?" అన్నది. కంబళి తీసుకుపోయాడమ్మా అని చెప్పాను. "అట్లయితే మేలు" అని కళ్ళు మూసుకుంది. చెయ్యి గురించి అమ్మ అన్న మాట మళ్ళీ ఎన్నడూ అనలేదు. ఆ మాట నువ్వొక్కడివే మోసుకు తిరుగుతున్నావు. ఈ నాలుగు ముక్కలూ ఆనాడు కార్డు మీద రాయకపోవడం నా తప్పు. నువ్వు రాలేదని కోపంతో రాయలేదు.

బుట్టలో గూడును ఉడికించలేదు. లోపల ప్రాణముంది. అది నీ చేతుల్లో ఉంది.

అక్క


బెంగుళూరు,
15-5-1945

అక్కా,

బుట్ట తెరిచాను. తొట్టి పలకల మీద, ఆ పొగమంచులోనే కూర్చుని ఏడ్చాను. మునిస్వామి ఏమయిందో తెలియక "ఎవరు పోయినారప్పా?" అని పక్కన కూర్చున్నాడు. ఎవరూ పోలేదని చెప్పి గూడు చూపించాను.

నువ్వు ఒక అబద్ధం రాశావు, నేనూ ఒకటి రాయకుండా దాచాను. నాలుగో తేదీ లెక్క నేను ఏప్రిల్ పదకొండుకే వేశాను. పొద్దున పదికి పెట్టెలో మిగిలింది నాలుగు పౌన్లు. పౌనుకు నూట అరవై రెండు చొప్పున ఆరు వందల నలభై ఎనిమిది పాళ్ళు. గంటకు నూట ఇరవై దూరితే ఐదున్నర గంటలు. మధ్యాహ్నం మూడున్నరకు ఐసు ఖాళీ. మర్నాడు కూడా కొత్తది లేదు. మూత తెరవకపోతే నిలుస్తుందన్నావు గాని, మూత మూసి ఉన్న లెక్కే అది. యాభై ఎక్కడినుంచి వస్తుంది?

విత్తనం చచ్చిపోయిందనుకున్నానక్కా. చచ్చిందని చెబితే నేను తట్టుకోలేనని నువ్వు దాస్తున్నావనుకున్నాను. నా వల్ల రెండోసారి కూడా పోయిందని నాకు తెలియకూడదని, నువ్వు రోజూ ఆ యాభైని కల్పించి రాస్తున్నావనుకున్నాను. ఆ అంకె నీకు అంత కష్టం కాకూడదని నేను అడగలేదు. చచ్చిన గుడ్లకు ఐసు పంపుతున్నానని తెలిసీ ముప్పై నాలుగు రోజులు దిమ్మ మోసుకుని కలాసిపాళ్యం పోయాను. నాకూ ఉత్తరాలు ఆగడం ఇష్టం లేదు.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. అమ్మ పోయినప్పుడు నీ కార్డు అందింది. ఆ పూటే బస్సెక్కాను. చందాపుర దాకా వచ్చి దిగిపోయాను. ఇంటికి వచ్చి ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అక్కడ రోడ్డు పక్కన సాయంత్రం దాకా కూర్చుని తిరిగి వచ్చాను.

నిన్నటినుంచి గూడును అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను. ఎంత తేలిక! చెవి దగ్గర పెట్టి మెల్లగా కదిపితే లోపల చిన్నగా కదులుతుంది. కంబళి గుర్తొచ్చింది. దీన్ని ఎక్కడ ఉంచాలి, ఎంత వేడిలో ఉంచాలి అని లెక్క వేయబోయి ఆగిపోయాను. నువ్వు చెప్పు, అలాగే చేస్తాను. శనివారం సెలవు అడిగాను, ఇచ్చారు. అంజినప్ప బస్సులో వస్తాను. ఈసారి ఐసు ఉండదు.

ఓబళ


ఆనేకల్,
17-5-1945

ఓబళా,

గూడుకు లెక్క అక్కరలేదు. నువ్వు కూర్చునే చోట ఎంత వేడి ఉంటే దానికీ అంతే చాలు. బుట్టలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని రా. చందాపుర వస్తే కళ్ళు మూసుకో, అంజినప్పకు చెప్పాను, అక్కడ బస్సు ఆపడు.

శనివారం పొద్దునకు ఇక్కడి గూళ్ళు చీల్చుకుని చిలకలు వస్తాయి. సాయంత్రానికి గుడ్లు పెడతాయి. మూడు కాగితాలు కత్తిరించి ఉంచాను. పరచలేదు. అవి నువ్వే పరచాలి.

కంబళి ఉతికి ఎండేశాను.

అక్క